తువ్వాలుకు చెరో కొస

ఒక మనిషి ప్రాణం కాపాడినవాడు, కాపాడినందుకు తప్పయిందని చేతులు జోడించడం నేను కళ్లారా చూశాను. శబరి మీది కోంటా రేవులో, పట్టపగలు, అంతమంది ముందు. ఆ దెబ్బ నుంచి నేనింకా తేరుకోలేదు. పొజ్జే గురించి రాద్దామని కూర్చుంటే మనసు ముందు అక్కడికే పోతోంది.

పొజ్జే శబరి ఒడ్డున పుట్టి, గొల్లపల్లిలో కట్టంవారింటికి కోడలైంది. చిన్నప్పుడు వాళ్ల నాన్న వల రాళ్లకు పట్టుకుంటే మునిగి విడిపించేది ఆమే. "వల చినిగితె కొట్టేటోడు సార్, నేను మునిగితె ఏమనకపోయేటోడు" అని నవ్వుతూ చెబుతుంది. పెద్దయ్యాక హోంగార్డు ఉద్యోగం వచ్చింది. వరదలొస్తే కొట్టుకుపోయేవాళ్లను ఈడ్చుకొచ్చేది, ఆఫీసులో ఆమెను గోతాఖోర్ అనేవారు. హిందీలో నీళ్లలో మునిగి వెతికే మనిషని అర్థం. వాళ్లత్త మాత్రం అదేదో తహసీల్దారు పక్క సీటు అనుకుని ఊరంతా చాటింపు వేసింది.

నా పేరు సత్యమూర్తి. మా నాన్న శ్రీకాకుళం నుంచి కిరండూల్ గనికి వచ్చాడు, నేనూ అక్కడే భద్రతా విభాగంలో పనిచేస్తున్నాను. విశాఖపట్నంలో స్కూబా నేర్చుకున్నాను కాబట్టి, ఆదివారాలు టౌన్‌షిప్ ఈతకొలనులో జిల్లా డైవర్లకు నేర్పుతుంటాను. నా నోరు మంచిది కాదు. సిలిండర్ కట్టుకున్నవాడు ఏమరుపాటుగా కనిపిస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

"నీళ్లలో జంట అంటే నీ రెండో ఊపిరి. నీ వీపు నీకు కనపడదు, వాడికి కనపడుద్ది. ముఖం తెలియనోడు జంటగా వస్తే రెండింతలు చూసుకోండి" అని అరిచి అరిచి చెప్పేవాణ్ణి. అందరికంటే శ్రద్ధగా వినేది పొజ్జే. రోజూ తనతో దిగే మీనాను నిలబెట్టి పట్టీలన్నీ లాగి లాగి చూసేది. "అక్కా, నేను గిత్తను కాదే" అని మీనా విసుక్కునేది.

వానాకాలంలో శబరి నడుమ ఒక లాంచీ మునిగింది. మనుషులంతా బయటపడ్డారు గానీ లాంచీ అక్కడే ఒరిగి, పడవల దారికి అడ్డంగా కూర్చుంది. దాన్ని లాగాలంటే ఎవరో దిగి, ముక్కు దగ్గరున్న రింగుకు ఇనుప తాడు తగిలించాలి. పొజ్జేను పిలిచారు. మీనాకు పురుడు రోజులు. అందుకని పక్క జిల్లా బీజాపూర్ నుంచి రాజ్‌కుమార్ అనే డైవర్‌ను పంపారు. ఊరు ఆవపల్లి. అతన్ని నేనూ ఎప్పుడూ చూడలేదు, పొజ్జే కూడా చూడలేదు.

"ముందు కూర్చుని మాట్లాడుకోండి" అన్నాను. ఎడంగా కూర్చుని మాట్లాడుకున్నారు. నాకు సంతోషమైంది. ఏం మాట్లాడుకున్నారో తర్వాత తెలిసింది.

"ఇంటిపేరేంది?"

"కట్టం. ఆవపల్లి."

"మా ఇంటాయనది గూడ కట్టమే. పేరు మంగ్లూ."

"మంగ్లూనా? సుక్మా సంతల చూసిన. నాకన్న చిన్నోడే."

అంతే, అక్కడితో మాటలు అయిపోయాయి. ఒకే ఇంటిపేరంటే అన్నదమ్ముల లెక్క, పైగా వయసులో పెద్ద. అంటే పొజ్జేకు బావగారు. వాళ్ల తెగలో బావగారూ తమ్ముడి పెళ్లామూ ఒకరినొకరు తాకకూడదు, ముఖం చూసి మాట్లాడకూడదు. పొజ్జే తల మీద తువ్వాలు కప్పుకుని అటు తిరిగింది. ఎండకేమో అనుకున్నాను. అతనికి మసక నీళ్లు అలవాటేనా, గాలి ఎంత త్వరగా ఖర్చుచేస్తాడు, ఇరుక్కుంటే ఏం చేయాలి, వీటిలో ఒక్కటీ వాళ్ల మధ్య నలగలేదు.

"చెక్ అయిందా?" అని అరిచాను.

"హోగయా సాబ్" అన్నాడు రాజ్‌కుమార్. నిజానికి ఆమె వీపు మీది సిలిండర్‌ను దూరం నుంచి చూసి తలూపాడంతే. సిలిండర్ బిగించినవాళ్లు గాలి కారుతోందేమో చూడటానికి పైనున్న పిడిని కొంచెం మాత్రం తిప్పి వదిలేశారు. పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడాల్సింది జంట. ఒడ్డున ఆ కాస్త గాలే చాలుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ చాలదు.

మసక నీళ్లలో జంట చెయ్యి వదలకూడదు. చెయ్యి పట్టుకోలేక, రాజ్‌కుమార్ తన తువ్వాలు కొస ఒకటి ఆమెకు అందించి రెండోది తను పట్టుకున్నాడు. ఆంధ్ర ఒడ్డు నుంచి వచ్చిన పడవ సీతారాములు అది చూసి, "కొంగుముడి ఏసుకుంటన్నరా ఏంది?" అని పకపకా నవ్వాడు. వాళ్లిద్దరూ నవ్వలేదు. తల దించుకుని నీళ్లలోకి దిగిపోయారు.

పడవలో కూర్చుని బుడగలు చూడటమే నా పని. రెండు చోట్ల నుంచి వస్తున్నాయి. కాసేపటికి ఒకచోట పలచబడ్డాయి. తర్వాత అక్కడ బుడగలు రాలేదు. పిచ్చివాడిలా ఇద్దరి పేర్లూ పెట్టి అరిచాను. నీళ్ల కింద ఎవరికి వినపడుతుంది?

అప్పుడు నీళ్లు చీల్చుకుంటూ ఇద్దరూ పైకి వచ్చారు. రాజ్‌కుమార్ ఎడమచేత్తో పొజ్జేను గుండెకు అదుముకుని ఉన్నాడు. కుడిచేత్తో తన అదనపు నోటిగొట్టాన్ని ఆమె నోట్లో అదిమి పట్టాడు. ఆమె పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. ఒడ్డున ఉన్న జనంలో మంగ్లూ కూడా ఉన్నాడు.

పొజ్జేను ఇసుకలో పడుకోబెట్టాం. దగ్గి, నీళ్లు కక్కి, ఊపిరి అందగానే ఆమె చేసిన మొదటి పని తల మీదికి తడిబట్ట లాక్కోవడం. రాజ్‌కుమార్ మంగ్లూ ముందుకు వెళ్లి చేతులు జోడించాడు.

"తప్పయింది తమ్మీ. చెయ్యి తాకింది."

నాకు తల తిరిగిపోయింది. "ఏటి తప్పు? తప్పంటే దిగకముందు చూడకపోవడం! మనిషి చచ్చిపోయేదిరా, సిలిండర్ ముట్టుకుంటే నీ చెయ్యి కాలిపోద్దా?" అని ఎగిరాను. ఇంకా చాలా అనేవాణ్ణే. పొజ్జే మోచేతి మీద లేచింది.

"ఆయన్ను తిట్టకు సార్. గాలి అందుతలేదని తువ్వాలు గుంజిన. ఆయన ఎంబడే గొట్టం తీసి నా నోటి ముందర పెట్టిండు." దగ్గి ఆగింది. "నేనే మొకం తిప్పుకున్న."

"ఏమన్నావు?"

"పానం పోతాంటె గూడ బావ అనే యాదికొచ్చింది సార్. తీసుకోలే. ఆయనే జుట్టు వట్టి నోట్ల కుక్కిండు."

నీటి అడుగున, ఒరిగిన లాంచీ పక్కన, ఊపిరి లేని మనిషి ఎదురుగా ఉన్న ఊపిరిని వద్దని ముఖం తిప్పుకుంది. భయంతో కాదు, మర్యాదతో. నేను నేర్పిన పాఠాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. అవేవీ ఆ మర్యాద అంత లోతుకు దిగలేదు. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందే ఏడ్చాను. మంగ్లూ అటు చూడలేదు, ఇటు చూడలేదు. భార్యను లేపి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

మర్నాడూ ఆ తర్వాత కొన్ని రోజులూ డాక్టర్లు ఆమెను నీళ్లలోకి దిగనివ్వలేదు, లాంచీ అలాగే ఉండిపోయింది. ఇంట్లో మొగుడూ పెళ్లాలు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆమె ఇక ఈ పనికి రాదనే అనుకున్నాను. డాక్టర్ సరేనన్న రోజు పొద్దున్నే మంగ్లూ ఆమెను సైకిల్ మీద తెచ్చి రేవులో దించి, వెళ్లిపోకుండా పక్కనే నిలబడ్డాడు. పొజ్జే సిలిండర్ తగిలించుకుంది. నేరుగా వెళ్లి రాజ్‌కుమార్‌కు వీపు చూపిస్తూ నిలబడి, మొగుడితో అంది.

"నా గాలి సూడమని చెప్పు ఆయనకు."

రాజ్‌కుమార్ కదల్లేదు. మంగ్లూ అతన్ని అన్న వరసతోనే పిలిచాడు. "సూడు దాదా. మంచిగ సూడు."

అప్పుడతను దగ్గరికి వచ్చాడు. పిడిని చివరిదాకా తిప్పాడు, పట్టీలు ఒక్కొక్కటే లాగి చూశాడు. ఆమె ఊపిరి పీలుస్తుంటే గాలి మీటరులో ముల్లు కదులుతుందేమోనని వంగి చూశాడు.

"ఇప్పుడు తిరుగుమను. ఆయనది నేను సూడాలె."

అతను తిరిగాడు. ఆమె మీనాకు చూసినట్టే అన్నీ లాగి లాగి చూసింది. మోకాళ్ల లోతు నీళ్లలోకి వెళ్లాక రాజ్‌కుమార్ మొన్నటిలాగే తువ్వాలు కొస చాచాడు. పొజ్జే దాన్ని అందుకుని, మొత్తంగా లాక్కుని, వెనక్కి వచ్చి మంగ్లూ చేతిలో పెట్టింది. తర్వాత వెళ్లి బావగారి చెయ్యి పట్టుకుంది.