కుంపటి గది కిటికీ

జగిత్యాలలో తమ్ముడింటి గడప దాటగానే ఊదు పొగ వాసన తగిలింది, తగలగానే చిన్నప్పటి కుళ్లు మళ్లీ లేచింది. మరదలు బాలింత. మూసిన తలుపు వెనుక పసిపాప.

తమ్ముడు పుట్టిన చలికాలం మేము సిరిసిల్లలో అమ్మమ్మగారింట్లో ఉన్నాం. ముందుగదిలో మరమగ్గాలు పొద్దంతా దడదడలాడుతుంటే, వెనకగదిలో నులకమంచం మీద తడిజుట్టు ఆరబోసుకుని అమ్మ, మంచం కింద ఊదు చల్లిన బొగ్గుల కుంపటి, అమ్మ పక్కన గుడ్డల మూటలా వాడు. నెయ్యి కారే కాయం మందు ముద్దలు అమ్మకు, ఎల్లిగడ్డ కారం కలిపిన వేడన్నం అమ్మకు, అమ్మ ఒడి వాడికి. నాకు మాత్రం వాకిట్లో చల్లటి గచ్చు, ఆడుకోవడానికి కచ్చకాయలు. మొన్నటిదాకా నాదైన చోటు జానెడు లేనివాడు లాక్కున్నాడని ఎంత కుళ్లుకునేదాన్నంటే, వాడికి దిష్టి తీసిన ప్రతిసారీ ఆ దిష్టి నాదేనని నాకు తెలిసిపోయేది.

ఒక ఉదయం స్నానమయ్యాక అమ్మ తల పగిలిపోతోందని, కళ్లు తిరుగుతున్నాయని అంది.

"సల్లగాలి సోకింది బిడ్డా. గీ సందులన్ని మూస్త, పండుకో," అంది అమ్మమ్మ.

మా వైపు బాలింతకు ఏ నొప్పి వచ్చినా నేరం చల్లగాలిదే. అమ్మమ్మ మగ్గాల కింద పోగుపడిన వేస్టు నూలు తెచ్చి పెరటివైపు నుంచి కిటికీ సందుల్లో కుక్కింది, కుంపట్లో ఇంకో దోసెడు బొగ్గులు పోసింది, తలుపు మూసి బియ్యం చెరగడానికి పోయింది.

లోపల అమ్మ వాణ్ణి ఎంత ముద్దు చేస్తోందో చూడకుండా ఉండలేక నేను పెరట్లోకి వెళ్లి, ఆ నూలంతా పీకి కిటికీ రెక్క తోశాను. అమ్మ నోరు తెరుచుకుని పడుంది. పిలిస్తే పలకలేదు. వాడూ కదల్లేదు. నేను ఎంత అరిచినా, నా కేకలు రోజూ వినేవే కనుక ఎవరూ రాలేదు. కిటికీలోంచి చలిగాలి దూసుకుపోయిన కాసేపటికి వాడు మూలిగి, తర్వాత గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపుకు ఇల్లంతా పరుగెత్తుకొచ్చింది. మేనమామ ఇద్దరినీ వాకిట్లోకి మోసుకొచ్చి, అక్కణ్నుంచి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మూసిన గదిలో బొగ్గులు రగిలితే రంగూ వాసనా లేని విషవాయువు నిండుతుందని, ఊదు వాసనకు మోసపోవద్దని డాక్టరు ఆయనకు చెప్పాడట. ఇంట్లో మాత్రం కథ మరోలా స్థిరపడింది: పిల్లవాడు ఏడ్చాడు, తల్లి బతికింది.

ఇప్పుడు తమ్ముడింట్లో తలుపు తోసి చూస్తే మంచం పక్కన అలాంటి కుంపటే, బిగించిన అద్దాల కిటికీ. కుంపటిని గుడ్డతో పట్టుకుని బయటి వరండాలో పెట్టి, కిటికీ బార్లా తీశాను.

"ఏందే గిది? పసిగుడ్డుకు సల్లగాలి తగులదా?" అని పాప పక్కన కూర్చున్న అమ్మ లేచింది.

"సలైతే ఇంకో దుప్పటి కప్పుదాం అమ్మా. నిప్పులు మాత్రం గదిల వద్దు. ఊదు బయటనే ఏసుకుందాం, జుట్టు ఎండల ఆరవెడదాం."

సిరిసిల్లలో ఆ ఇల్లు లేదు, అమ్మమ్మ లేదు, ఆ మగ్గాల చప్పుడూ లేదు. సాయంత్రం కోరుట్ల నుంచి చుట్టాలొస్తే, అమ్మ మళ్లీ మొదలుపెట్టింది: "గా రోజు మా పిలగాడు ఏడ్వబట్టి నేను బతికిన." తమ్ముడు మురిసిపోయాడు. లోపల మరదలు, పాప హాయిగా నిద్రపోతున్నారు. ఈసారి ఎవరూ గుక్కపట్టి ఏడవలేదు, ఎవరికీ ఏమీ కాలేదు, కనుక ఎవరి పేరూ ఎవరూ చెప్పుకోరు. నాకు కుళ్లుగానే ఉంది. అయినా లేచి వెళ్లి, కిటికీ ఎవరైనా మూశారేమోనని చూసొచ్చాను.