నల్లపెట్ట దూకే చోటు

మొన్న నందిగామ బస్సులో ఒకాయన కోడి ఈక చెవిలో పెట్టి తిప్పుకుంటుంటే, చందర్లపాడులో మా అమ్మమ్మ పెంచిన నల్లపెట్ట గుర్తొచ్చింది. మిగతా కోళ్లు గింజలు ఏరుకుంటుంటే అది వరిగడ్డి వామి ఎక్కి దూకేది. రోజూ నిన్నటికంటే మూరెడు ఎక్కువ దూరం ఎగరాలని దానికి.

"గోడ దాటిందంటే గుడ్లన్నీ పక్కింటోళ్లకేనే," అంటూ అమ్మమ్మ దాని ఒక రెక్క ఈకలు కత్తిరించింది.

నేను ఏడుస్తూ వాటిని అన్నం మెతుకులతో తిరిగి అంటించాను. పెట్ట మెడ తిప్పి మెతుకులన్నీ తినేసింది. తిని, వామి ఎక్కి దూకి, పక్కకు ఒరిగి పడింది. లేచి మళ్లీ ఎక్కింది. అమ్మమ్మ గడప మీద కూర్చుని చూస్తూనే ఉంది.

ఈకలు మళ్లీ మొలిచినా అమ్మమ్మ కత్తెర తియ్యలేదు. వామి ముందు ఎండబోసిన మిరపకాయల్ని మాత్రం పక్కకు జరిపింది. కాయలు పాడవుతాయని కాబోలు అనుకున్నాను.

చోటిచ్చింది పెట్టకని ఇన్నాళ్లకు తెలిసింది.