కోన్ పట్టుకున్న చెయ్యి

మైదుకూరులో మా ఇంటి ముందరి గది గోడకు నీలం గుడ్డ కట్టి మా కోడలు ఫోటోల పని మొదలుపెట్టింది. ముస్లింల పెండ్లిళ్లలో ఆడవాళ్ల వైపు మగ ఫోటోగ్రాఫర్‌ను రానివ్వరు కాబట్టి కోడలికి పిలుపులు బాగానే వచ్చాయి. అందరి షరతూ ఒకటే: ఆడవాళ్ల మొహాలు బయట కనపడకూడదు. కోడలు ఆ మాట తప్పలేదు. నలుగురికీ తన పని తెలియాలని వాట్సాప్ స్టేటస్‌లో చేతులు మాత్రమే పెట్టేది.

ఒక పెండ్లిలో గోరింటాకు పెట్టినామె మా వీధిలోనే స్నేహితురాలి ఇంట్లో దాక్కుని ఉండేది. బనగానపల్లెలో మొగుడి దెబ్బలకు తాళలేక వచ్చేసింది. జాడ తెలిస్తే చంపేస్తాడని వణికేది. తలుపు సందులో పెట్టి అతను నొక్కిన చిటికెన వేలు పక్కకు వంగే ఉండిపోయింది.

ఆ పెండ్లి అయిన వారానికి, మిట్టమధ్యాహ్నం, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న మనిషి వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు.

"పెద్దమ్మా, ఫోటోలు తీసేది ఈడేనా? మా చెల్లెలి పెండ్లి ఉండాది."

"ఈడే నాయనా, కూర్చో."

ఫోనులో కోడలు తీసిన ఫోటో చూపించాడు. "మావోళ్లలో తిరుగుతాండాది ఇది. శానా బాగుండాది. ఈ ఆకు పెట్టినామె యాడుంటాది?"

ఫోటోలో పెండ్లికూతురి అరచేయి నిండా పువ్వులే. అతను మాత్రం గోరింటాకు కోన్ పట్టుకున్న చేతిని పెద్దది చేసి చూపిస్తున్నాడు. వంగిన వేలు. ఇతనే ఆమె మొగుడని తెలిసిపోయింది.

"కడప నుంచి వచ్చిందప్పా. పనైనాక ఎళ్లిపాయ."

"కడపలో యాడ?"

"మాకేం తెలుసు? పెండ్లోళ్లు పిలిపించినారు."

నవ్వాడు. "అట్లాంటి వేలు పెట్టుకోని కూడా ఎంత బాగా గీసిందో సూడు పెద్దమ్మా."

లోపలి నుంచి వచ్చిన కోడలు నా మొహం చూసింది. "కొత్తగా పెట్టినాం అన్నా, మొదటి ఫోటో ఊరికే తీసిస్తాం. ఆ గుడ్డ ముందర కూర్చో" అంది. అతను కాలరు సర్దుకుని కూర్చున్నాడు. ఎల్లుండి వస్తానని చెప్పి, వీధి మొదట్లో టీ అంగడి దగ్గర నిలబడ్డాడు.

కోడలు అతని ఫోటోను, వీడే ఆమె మొగుడని రాసి, వీధిలోని ఆడవాళ్లందరికీ పంపింది. కాసేపటికి ఆమెతో కలిపి బురఖాల్లో నలుగురు ఆడవాళ్లు చేతులు లోపల పెట్టుకుని ఆటో కోసం నడిచారు. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. అతని చూపు మొహాల మీద లేదు. ఒక్కొక్కరి చేతుల కోసం వెతుకుతున్నాడు.

వాళ్లలో పెద్దామె ఆగింది. "ఏమప్పా, ఆడోళ్ల చేతులు చూస్తాండావు, గాజులు అమ్ముతావా?"

టీ అంగడిలో అందరూ నవ్వారు. అతను తల దించుకున్నాడు. ఆటో వెళ్లిపోయింది.

ఆమె ఇప్పుడు యాడుందో మేము అడగలేదు.

అతను మాత్రం చెప్పిన రోజే వచ్చాడు. తన ఫోటో వెలుతురుకు పెట్టి చూసుకుని, జేబులో పెట్టుకున్నాడు.

"బాగా వచ్చింది. ఇంగో పెండ్లిలో ఆమె ఆకు పెడితే ఫోటో తీయమ్మా, చూస్తాంటా" అని కోడలితో చెప్పి, నిదానంగా చెప్పులు తొడుక్కున్నాడు.