దించరాని బోనం

2016 ఆగస్టు పద్నాలుగు, శ్రావణ ఆదివారం. ఉదయం నుండి మబ్బు కమ్మి ఉంది. గాలి ఆడక ఊరంతా ఉక్కపోతతో అల్లాడుతోంది.

నెల్లికుదురు దాపున నేను బడిపంతులుగా ఉన్న ఆ ఊరిలో మాదిగవాడకు మురుగుకాలువైనా లేదు. ‘వాడ’, ‘వీధి’ పర్యాయపదాలని నిఘంటువులు చెబుతాయి. నిఘంటుకర్తలు ఆ ఊళ్లో నడిచి ఉండరు. అంతకు కొద్దిరోజుల ముందే, భూస్వాముల ఇళ్లున్న పెద్దవీధిలో బండి దిగి నడవలేదని, వాడలోని సత్తమ్మ తమ్ముడు బిక్షాన్ని కర్రలతో కొట్టారు. అతడు మానుకోట దవాఖానలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. కూలికి పోయి బతికే సత్తమ్మ, తమ్ముడి కోసమూ వాడ కోసమూ పోచమ్మకు బోనం మొక్కుకుంది.

గుడికి దారి పెద్దవీధి గుండానే.

“పొలాల గట్ల మీంగ పోదాం బిడ్డా, మల్ల లొల్లి ఎందుకు?” అన్నాడు వాడపెద్ద సారయ్య.

“గట్టు మీద కాలు జారితె బోనం నువ్వు పట్టుకుంటవా, బాపు?” అంది సత్తమ్మ.

ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వులో భయమే ఎక్కువ.

బోనమెత్తిన సత్తమ్మ ముందు, ఆడవాళ్లు వెనుక నడిచారు. పెద్దవీధి మలుపులో భూస్వామి విద్యాసాగర్ ట్రాక్టర్ అడ్డం పెట్టించాడు. “సత్తమ్మా, బోనం దించు. మాట్లాడుదాం.”

తలకెత్తిన బోనాన్ని అమ్మవారి ముందు తప్ప దించరాదు. ఈ నియమం ఆయనకూ తెలుసు.

“దించేది పోచమ్మ ముంగట్నే, పటేలా.”

“అయితే ఎనుకకు మర్లు.”

“ఎత్తిన బోనం ఎనుకకు మర్లుతదా? మీ ఇంట్ల అడుగుండ్రి.”

తుంపర మొదలైంది. బోనం మీది దీపం రెపరెపలాడింది. సత్తమ్మ అక్కడే నిలబడి గొంతెత్తి మొక్కింది: “తల్లీ, మా బిక్షానికి పానం పొయ్యి. మా వాడను సల్లంగ సూడు. కట్టె లేపిన చేతులను గూడ నువ్వే పట్టుకో, మల్ల లేవకుంట.”

అప్పటికే విద్యాసాగర్ భార్య రుక్మిణి తన బోనంతో ఇంటి నుండి బయలుదేరి వచ్చి, వాడ ఆడవాళ్ల వెనక చిక్కుకుపోయింది. ఆమె కూడా ఆ ట్రాక్టర్ దాటితేనే గుడి.

“ట్రాక్టర్ తీయిస్తరా లేదా? నా మెడ గుంజుతాంది!” అని అరిచింది.

ట్రాక్టర్ కదిలింది. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. సత్తమ్మ బోనమే ముందు నడిచింది.

పదవీవిరమణానంతరం జనగామలో స్థిరపడిన నాకు, 2023లో సత్తమ్మ రాయించి పంపిన ఉత్తరం ఇది:

“సారూ, దండాలు. బిక్షం బతికిండు గని కుడిచెయ్యి లేవది. కొట్టినోళ్ల మీద కేసు ఇంక నడుస్తనే ఉన్నది. బోనం ఏటా పెద్దవీధిలకెల్లే పోతున్నది. మలుపు కాడ నాకు ఇప్పటికీ భయమైతది. ఈ ఏడు మా బిడ్డ సంధ్య తానే ఎత్తుకుంటనంటున్నది. పిల్లను పంపాల్నా, వద్దా? జర చెప్పుండ్రి. ఈ ఉత్తరం రాసేది గూడ సంధ్యనే. నా భయం గురించి రాయమంటె నవ్వుతాంది.”