లంగరు మజ్జిగ

ఆ రోజుల్లో జువ్వలదిన్నె ఒడ్డున మగవాడి విలువ తేల్చేది అలివి వల తాడే. పాతికమంది ఇసుకలో మడమలు దిగేసి సముద్రంలోంచి వలను లాగాలి. లాగినవాడికే చేపల్లో వాటా. పంతొమ్మిదేళ్ల నేను పది బారలు లాగేసరికి ఆయాసంతో కూలబడేవాణ్ణి. మొహం పాలిపోయి ఉండేది కనుక అందరూ 'సున్నం' అని పిలిచేవారు (అసలు పేరు మా నాయన కూడా మరిచిపోయాడని నా అనుమానం). రక్తం తక్కువైందని మా అవ్వ పడవ లంగరు గొలుసు కొసను ఎర్రగా కాల్చి, మజ్జిగలో చుయ్యిమని ముంచి, రోజూ చెంబెడు తాగించేది. ఆరు నెలలు తాగాను. నోట్లో తుప్పు రుచి మిగిలింది తప్ప ఒంట్లో బలం రాలేదు.

చివరికి నెల్లూరు డాక్టరుగారు నా రక్తం మద్రాసుకు పంపి పరీక్ష చేయించారు. ఫలితం కోసం ఒక్కణ్ణే వెళ్లాను. "ఇది పుట్టుకతో వచ్చిందబ్బాయ్, అమ్మానాన్నల నుంచి. ఇనుము తక్కువై కాదు, ఆ మందులు మానెయ్. పని చేసుకో, అలుపొస్తే కూర్చో. మీ అక్కకూ ఉండొచ్చు. కడుపుతో ఉందంటున్నావు, తప్పకుండా తీసుకురా" అన్నారు. బస్సు దిగేసరికి అందులో నాకు పనికొచ్చే ముక్క ఒక్కటే మిగిలింది: కూర్చో.

ఇంట్లో పుట్టుకతో వచ్చిన జబ్బనీ, కూర్చోమన్నారనీ మాత్రం చెప్పాను. అమ్మా నాయనా "మీ వైపుదే" అంటే "మీ వైపుదే" అని వారం రోజులు పోట్లాడుకున్నారు. నాకు మాత్రం తాడు తప్పింది. రోజుకో కోడిగుడ్డు, పడవ నీడన పడక దక్కాయి. తొలికాన్పుకు అయిదో నెలలోనే పుట్టింటికి వచ్చిన అక్క "ఏరా, నా గురించేమన్నా చెప్పినాడా ఆ డాక్టరు?" అని అడిగింది. లేదన్నాను. చెబితే గుడ్డు సగమవుతుందని భయం. నవ్వకండి, నిజంగా అదే కారణం.

ఒకరోజు పొద్దున అక్క నీళ్ల బిందె దించి, గోడ పట్టుకుని కూలబడింది. పెదవులు తెల్లబడ్డాయి. అవ్వ పొయ్యిలోంచి గొలుసు తీసింది. "సున్నానికి పడలేదుగానీ నీకు పడుతుందిలే, తాగు" అంది. మజ్జిగలో గొలుసు చుయ్యిమనగానే లేచి చెంబుకు చెయ్యి అడ్డం పెట్టాను.

"తాగబాకక్కా! నీకూ అదే ఉండొచ్చన్నాడు డాక్టరు. నిన్ను తీసుకురమ్మన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"రెండు నెలలైంది."

అక్క తిట్టలేదు. చెంబులో మజ్జిగ నా నెత్తిన కుమ్మరించి, "పద బస్సుకు" అంది. వాకిట్లో చేరిన ఆడవాళ్లు "జబ్బు వంశమని తెలిస్తే అత్తగారు రానిస్తాదా?" అన్నారు. అక్క చెంగు బిగించి, "నా రక్తం సంగతి నేను చూసుకుంటా. మీరు మీ చేపల సంగతి చూసుకోండి. మా అత్తకు నేనే చెప్తా, దాయను!" అంది. ఆ చివరి మాట నాకే.

ఆమెదీ అదే రక్తమని పరీక్షలో తేలింది. డాక్టరుగారిచ్చిన మాత్రలు మింగింది, నెలనెలా చూపించుకుంది, అవ్వ ఎంత మొత్తుకున్నా కాన్పుకు ఆసుపత్రికే వెళ్లింది. తల్లీబిడ్డా క్షేమంగా వచ్చారు.

ఆ మర్నాడే నేను తాడు పట్టాను. పది బారలు లాగడం, కూర్చోవడం, మళ్లీ లేవడం. "ఏంరా సున్నం, కోడిలాగా పొదుగుతుండావే?" అని నవ్వారు. "కూర్చుంటా, లేస్తా, లాగుతా. వాటా మాత్రం వదల్ను" అన్నాను. వచ్చిన చేపలన్నీ అక్క ముందు పోశాను. సగం నా వైపు తోసి, "తినరా దొంగా, నీదీ అదే రక్తం గదా" అంది.

ఇప్పుడు ఆ పంతొమ్మిదేళ్లవాడు ఎదురైతే చెవి మెలిపెడతాను. ఆ తర్వాత పక్కన కూర్చుని, వాడి ఆయాసం తీరేదాకా ఉంటాను.