చేపలకు తలకాయ నొస్తది

సదానందానికి మోటారు పడదు. కొందరికి వంకాయ పడదు, కొందరికి అత్తగారు పడరు, ఈయనకు మోటారు. ఇందులో విడ్డూరమేమిటంటే, ఆయన బొగ్గుబాయిలో పంపు ఖలాసీ. బాయి అడుగున ఊరే నీళ్ళను పైకి తోడే మోటార్ల పక్కన కూర్చుని వాటిని కనిపెట్టుకోవడమే ఆయన కొలువు. మిఠాయి కొట్టువాడు బెల్లం చూసి ముఖం తిప్పుకుంటే ఎట్లా ఉంటుంది? గోదావరిఖనిలో ఆ కాలనీ వాళ్ళకు సదానందాన్ని చూస్తే అట్లా ఉండేది.

"ఏందన్నా, ఇంట్ల ఒక్క మోటరన్న పెట్టవేందే?" అని ఎవరడిగినా జవాబు ఒక్కటే.

"నాదేం లేదు తమ్మీ. చేపలకు తలకాయ నొస్తది."

ఈ తలకాయ నొప్పి కథ చెప్పాలంటే గోడ అవతలి సర్వరీ బేగం దగ్గర మొదలుపెట్టాలి. ఆ నొప్పిని పుట్టించింది ఆమే.

రెండు క్వార్టర్లకూ మధ్య ఒకే గోడ. ఈ పక్క పోపు వేస్తే ఆ పక్క తుమ్ముతారు. సర్వరీ బేగం మొగుడు దస్తగిర్ ఒకప్పుడు బాయిలో పేరున్న టింబర్‌మన్. పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని. ఒకనాడు బొగ్గు తీసి వదిలేసిన పాత పనుల వైపు నుంచి నీళ్ళు తన్నుకొచ్చి, షిఫ్టు మొత్తం ఆయన చీకట్లో మెడ లోతు నీళ్ళలో నిలబడిపోయాడు. చెవుల్లో ఎక్కడో దూరంగా పంపు మోత. ప్రాణాలతో పైకి తెచ్చారు, ఆ మాట నిజం. కానీ ఆ తర్వాత మనిషి పనికి పనికిరాలేదు. కొడుకు అనస్‌కు కొలువు ఇచ్చారు కాబట్టి క్వార్టర్ మిగిలింది.

దస్తగిర్ చెవిన మోటారు మోత పడిందంటే చాలు, మంచమెక్కి నిలబడేవాడు. "నీళ్ళొస్తున్నయ్, లేవుండ్రి" అని భార్యను కూడా చెయ్యి పట్టి పైకి గుంజేవాడు. ఇక దినాల తరబడి కన్ను మూసేవాడు కాదు. అందుకే సర్వరీ బేగం మిక్సీని అటక మీద పడేసి రోట్లో నూరుకునేది. ఆమె నమాజులో అడిగింది మేడలు కాదు, మిద్దెలు కాదు. ఆ మనిషికి ఇంత నిద్ర. వాడలో మిగతా ఇళ్ళ మోటార్లు దూరం, వాటి మోత అందదు. అందేది గోడ అవతలి ఇల్లు ఒక్కటే, అక్కడ మోటారు లేదు కదా అని ఆమె ధైర్యంగా ఉండేది.

అటువంటి ఇంట్లోకి చేపలు వచ్చాయి.

బదిలీ మీద పోతున్న ఒకాయన తన అద్దాల తొట్టిని సదానందానికి ఇచ్చిపోయాడు. బోరు నీళ్ళు పోస్తే మొదటి చేపలు వారం తిరక్కుండానే వెల్లకిలా పడ్డాయి. ఉప్పు నీళ్ళకు అంతేనని మంచిర్యాల నుంచి కిషన్ అనే చేపల దుకాణం అతను వచ్చి, నల్లాకు నీళ్ళు శుద్ధిచేసే ఫిల్టరు బిగించాడు. బిగించాడు గాని, నల్లాలో నీళ్ళుంటేగా. వాడలో అందరూ నల్లాకు మోటార్లు పెట్టి గుంజుకుంటారు, సదానందం ఇల్లేమో పైపు చిట్టచివర. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. మోటారు లేనివాడికి మాత్రం కడబంతి కడబంతే.

"నీళ్ళకు దమ్ము లేదు కాక," అన్నాడు కిషన్. "గట్టిగ నెడితేనే గా లోపలి పొరల నుంచి మంచినీళ్ళు దిగుతయ్. లేకుంటే చుక్క దిగి, బిందెడు బయటికి పోతయ్. గీ చిన్న మోటర్ పెట్టుకో, ఫికర్ ఉండది." అట్లా ఫిల్టరుకు మోటారు తగిలించి పోయాడు.

ఆ మధ్యాహ్నం దస్తగిర్ ఉలిక్కిపడి మంచమెక్కాడు. ఏదో మోత వచ్చింది, వచ్చినంత జల్దీగా ఆగిపోయింది. ఎవరో గోడకు రంధ్రం వేస్తున్నారు కాబోలు అనుకుంది సర్వరీ బేగం. మర్నాడు చేపలు చూసే వంకతో అవతలి ఇంటికి పోతే, సదానందం ముందు బల్ల మీద మోటారు. నిన్నటి మోత ఏమిటో ఆమెకు అర్థమైంది.

ఉన్నమాట చెబితే పోయేది. కానీ "మా ఆయనకు భయమైతది" అనడం ఆమెకు చచ్చేంత పని. బాయి మొత్తం సలాం కొట్టిన మనిషి ఆయన.

"ఇది పెట్టకు సదానందమన్నా," అన్నది. "మంచిర్యాలల మా ఖాలా ఇంట్ల గిట్లనే పెట్టిన్రు. ఆ మోతకు చేపలకు తలకాయ నొచ్చి అన్నీ సచ్చిపోయినయ్."

నిజానికి ఆ పిన్నమ్మ ఇంట్లో ఉన్నవి మేకలు. సదానందం ఆమె వైపు చూశాడు, తొట్టి వైపు చూశాడు.

"తలకాయ నొస్తదా చెల్లె?"

"మస్తు నొస్తది."

"ఔ మల్ల. తలకాయంటు ఉన్నంక నొవ్వకుంట ఉంటదా." అని మోటారును డబ్బాలో పెట్టి బీరువా మీదికి ఎక్కించాడు. సర్వరీ బేగం ఇంటికొచ్చి, ఇంత అమాయకుడిని మోసం చేసినందుకు అల్లాకు తౌబా చెప్పుకుని, మనసు ఊరుకోక గిన్నెడు సేమ్యా పాయసం పంపించింది.

అక్కడి నుంచి మొదలైంది సదానందం భార్య జమునకు కష్టకాలం. నీళ్ళు ఎంత ఎత్తు నుంచి దిగితే అంత దమ్ము అని లెక్కవేసి ఆయన స్లాబు మీద డ్రమ్ము పెట్టాడు. నల్లా నీళ్ళు బకెట్లతో ఆమె అందించాలి, నిచ్చెన మీద ఆయన మోయాలి. ఇంతా చేస్తే ఫిల్టరు నుంచి చీమకు తలంటు పోయడానికి సరిపడా నీళ్ళు దిగాయి. డ్రమ్ము కింద పాత కర్రలతో మంచె కట్టాడు. చీమ బదులు పిల్లికి సరిపోయాయి.

"నువ్వన్న చెప్పు వదినె," అని జమున వచ్చి మొరపెట్టుకుంది. "ఆ మోటర్ డబ్బా మీద ప్లాస్టిక్ పూలు పెట్టుకున్న గని, దాన్ని నడిపింది లేదు. నా నడుం పోయింది."

సర్వరీ బేగానికి జాలేసింది. నడుం ఆ ఇంటిది, నిద్ర ఈ ఇంటిది. "ఏం చేస్తం వదినె, మూగజీవాలాయె," అని నిట్టూర్చి, నడుముకు రాసుకొమ్మని నూనె సీసా ఇచ్చి పంపింది.

పైకి పోవడం అయిపోయాక సదానందానికి సహజంగానే కిందికి పోవాలనిపించింది. బాయి మనిషికి వేరే ఆలోచన ఎట్లా వస్తుంది? ఫిల్టరును ఇంకా పల్లంలో పెడితే దమ్ము పెరుగుతుందని వాకిట్లో గుంత తవ్వడం మొదలుపెట్టాడు. నెత్తిన టోపీ, చుట్టూ కూలకుండా కర్రలు, దిగడానికి మెట్లు. పక్క వరుసలో ఉండే కొమురెల్లి వచ్చి అంచున కూర్చున్నాడు.

"సదానందం, బొగ్గు తలిగితే నాకు జెర చెప్పు. రిటైరైన గని, మళ్ళ డ్యూటీ ఎక్కుత."

"తలగనీ చెప్త."

"నిజంగ చేపలకు తలకాయ నొస్తదా?"

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. నువ్వు గా తట్ట అందుకో."

గుంత పూర్తయిన మూడోనాడు వాన పడింది. బాయి బాయినే తోడిపోసే పంపు ఖలాసీ, తన వాకిట్లో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి చెంబుతో తోడుకుంటున్నాడు. వాడంతా గొడుగులు పట్టుకుని నవ్వడానికి వచ్చింది. సర్వరీ బేగం తలుపు మూయబోయింది గానీ అప్పటికే ఆలస్యమైంది. దస్తగిర్ గడప దాటి వానలోకి నడిచాడు. ఎన్నాళ్ళకో ఆయన గడప దాటడం.

గుంత అంచున బోర్లా పడుకుని చెయ్యి లోపలికి చాచాడు.

"బామ్మర్దీ, నీళ్ళొస్తున్నయ్. నా చెయ్యి పట్టుకో. పైకి రా."

నవ్వులు ఆగిపోయాయి. సదానందం చెంబు వదిలేసి, ఆ చెయ్యిని రెండు చేతులా పట్టుకుని, నిజంగా మునుగుతున్న మనిషిలాగానే పైకి పాకి వచ్చాడు. "బతికిచ్చినవ్ బావా," అన్నాడు. కొమురెల్లి గొడుగు తెచ్చి ఇద్దరి మీదా పట్టాడు. ఆ రోజు దస్తగిర్ అన్నం తిని పడుకుంటే మర్నాడు ఎండ మంచం మీద పడేదాకా లేవలేదు. సర్వరీ బేగం ఆయన పక్కనే కూర్చుని, ఊపిరి చూసుకుంటూ ఏడ్చింది.

ఆ తర్వాత గుంత పూడింది గానీ, దస్తగిర్ రోజూ మధ్యాహ్నం తొట్టి దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. గాలి కొట్టే మోటారు కూడా లేదు కాబట్టి, చేపలకు ఊపిరాడాలంటే చెంబుతో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి పోస్తుండాలి. ఆ ఇంటికి ఎవరొచ్చినా చాయ్ కంటే ముందు చెంబు చేతికిచ్చేవారు. చుట్టాలు రావడం తగ్గించుకున్నారు. దస్తగిర్ ఒక్కడే విసుగు లేకుండా పోసేవాడు. మధ్యమధ్యలో అద్దం మీద వేలు పెట్టి అడిగేవాడు.

"ఈ నీళ్ళు పెరుగయ్ కద?"

"పెరుగయ్ బావా. పెరిగితే నేను లేనా, పంపు ఖలాసీని."

ఆ చలికాలం దస్తగిర్ పోయాడు. ఏ గొడవా లేకుండా, నిద్రలోనే. అందరూ అదృష్టవంతుడన్నారు. సర్వరీ బేగానికి ఆ మాట చెవికెక్కలేదు. ఆయన నిద్రపోవాలని ఇన్నాళ్ళూ మొక్కింది ఇందుకు కాదు కదా.

మొగుడు పోయినామె పాటించే ఇద్దత్ గడువు తీరేదాకా ఆమె ఇల్లు కదలలేదు. గోడకు ఆనుకుని కూర్చునేది. ఇక అవతల మోటారు మోగినా ఉలిక్కిపడేవాళ్ళు లేరు. అయినా మోగలేదు. నిచ్చెన కిర్రుమంటూనే ఉంది, స్లాబు మీద డ్రమ్ములో బకెట్లు పడుతూనే ఉన్నాయి, జమున తిడుతూనే ఉంది. తన అబద్ధం తన మొగుడి కంటే ఎక్కువ రోజులు బతుకుతోందని సర్వరీ బేగానికి సిగ్గేసింది. గడువు తీరిన మర్నాడే ఆ ఇంటికి పోయింది. సదానందం మోకాలు పట్టుకుని సగం నిచ్చెన మీద ఉన్నాడు.

"అన్నా, దిగు. ఒక మాటున్నది."

దిగాడు.

"మా ఖాలా ఇంట్ల చేపలు లేవు. మేకలున్నయ్. ఆ తలకాయ నొప్పి నేను కల్పించిన."

"ఎరుకే చెల్లె."

ఫిల్టరు వదిలేసిన నీళ్ళతో గిన్నెలు తోముతున్న జమున చెయ్యి ఆగిపోయింది. సదానందం తల దించుకుని చెప్పాడు.

"కిషన్ పోయినంక మోటర్ జెరసేపు నడిపిన. గోడ అవతల బావ లేసి నిన్ను మంచమెక్కమన్నది ఇనవడ్డది. బంద్ చేసిన. ఏం సాకు చెప్పి దీన్ని మూలకు పడేయాలె అని కూసున్న. తెల్లారి నువ్వే తలకాయ నొప్పి తెచ్చిచ్చినవ్. గంత మంచి సాకు నాకు సచ్చినా దొరకకపోవు."

"నాకన్న చెప్పద్దా?" అన్నది జమున. "నీళ్ళు మోసి మోసి నా నడుం ఇరిగిపాయె."

"నీకు చెప్తే వాడకు తెలుస్తది. వాడకు తెలిస్తే బావకు తెలుస్తది. అసుంటి టింబర్‌మన్‌కు పిరికోడన్న పేరెందుకే."

సర్వరీ బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి ఇప్పుడెందుకన్నా మోసుడు? ఆయన లేడాయె."

"చెయ్యి వోతలేదు చెల్లె. బటన్ దగ్గరికి పోతే బావ లేస్తడేమో అనిపిస్తది."

సర్వరీ బేగం లోపలికి పోయి ప్లాస్టిక్ పూలు తీసి పక్కన పెట్టి, డబ్బా దించింది. సదానందం పైపులు బిగించాడు. బటన్ ఆమే నొక్కింది. మోటారు సన్నగా మోగింది. అలవాటు కొద్దీ ముగ్గురూ గోడ వైపు చూశారు. అవతల ఎవరూ లేవలేదు. సర్వరీ బేగం అక్కడే నేల మీద కూర్చుని తనివితీరా ఏడ్చింది. జమున వచ్చి పక్కన కూర్చుని తడిచేతుల్తోనే దగ్గరికి తీసుకుంది.

పైపులో నుంచి నీళ్ళు దారంలా సాగి ధారై తొట్టిలో పడుతుంటే చేపలన్నీ అటు తిరిగాయి. సర్వరీ బేగం ముక్కు తుడుచుకుని వాటిని చూసింది.

"అన్నా, వీటికి నిజంగనే తలకాయ నొస్తే?"

సదానందం కండువాతో కళ్ళొత్తుకుని తొట్టిలోకి వంగి చూశాడు.

"నొప్పి గోళీలేస్త తియ్ చెల్లె."