తండ్రి సంతకం

డెబ్బైల్లో పామర్రు దగ్గర ఒక బళ్లో ఏడో తరగతికి తెలుగు చెప్పేవాణ్ణి. ఆవు మీద వ్యాసం బట్టీపట్టి అప్పజెప్పే పిల్లల్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. అందుకే సొంతంగా కథలు రాయించడం మొదలుపెట్టాను. ముందు చిత్తు కాయితం మీద నాలుగు గళ్లు గీయాలి: ఎవరు, వాళ్లకేం కావాలి, ఏది అడ్డం, చివరికి ఏం చేశారు. అవి నిండాకే నోటుపుస్తకంలో కథ. రాసింది ఇంట్లో చూపించి తండ్రి సంతకం తేవాలి. పిల్లల తెలివి పెద్దవాళ్లకీ తెలియాలని నేనే పెట్టిన రూలు అది.

వెనక బెంచీలో నోరు మెదపకుండా కూర్చునే ఒక అమ్మాయి ఓ గురువారం కథ రాసి తెచ్చింది. అందులో ఒక తల్లి, కూతురు, తాగొచ్చి కొట్టే మొగుడు. తల్లికి పుట్టింటికి వెళ్లిపోవాలని ఉంది. మొగుడు గడప దాటనివ్వడు. ఆవిడ బియ్యం డబ్బా అడుగున రెండు చీరలు దాస్తుంది. శనివారం అతను బందరు వెళ్లగానే, కూతుర్ని తీసుకుని గన్నవరంలో అన్నగారింటికి బస్సెక్కుతుంది.

"భేషమ్మా! ఇలాంటి ముగింపు ఇంతవరకూ ఎవరూ రాయలేదు" అన్నాను. నా పాఠం ఫలించిందని పొంగిపోయాను.

"మేస్టారండీ, మా అమ్మ వేలిముద్ర వేస్తే చాలదాండీ?"

"అందరికీ ఒకటే రూలు." నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ పిల్ల ఇంకా కదలకపోతే కసిరాను కూడా. అప్పట్లో మేస్టారి మాట జవదాటే పిల్లలు లేరు.

మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు. మంగళవారం వాళ్లింటికి వెళ్లాను. తండ్రి మర్యాదగా కుర్చీ వేసి, నోటుపుస్తకం నా చేతిలో పెట్టాడు. కథ కింద గుండ్రంగా సంతకం ఉంది.

"పిల్ల బాగానే రాసిందండి. చదివాక బియ్యం డబ్బా నేనే తీసి చూశాను. ఇంక చదివింది చాల్లెండి."

వంటింటి గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. కుడిచేతికి బద్దలు కట్టి ఉన్నాయి. నా వైపు చూడను కూడా లేదు. అప్పటికిగానీ నా బుర్రకి ఎక్కలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా అతనికి నమస్కారం పెట్టి లేచాను.

ఆ పిల్ల వీధి గుమ్మం దాకా నా వెనకే వచ్చింది.

"తప్పు నాదేనండి మేస్టారూ" అంది మెల్లగా. "ఊరి పేరన్నా మార్చి రాయాల్సింది."

కాదమ్మా, తప్పు నాది అనాల్సింది. అనకుండానే సైకిలెక్కాను.